అగ్నిపర్వతపు దీవిలో కాపురం

కుర్రవాడు దూరదేశంలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే తండ్రి జీతమెంత అని అడుగుతాడు. తల్లి మాత్రం అక్కడ ఏం తింటావు, ఎవరితో మాట్లాడతావు అని అడుగుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద ఉంటుంది. రెండో ప్రశ్నకే జవాబు దొరకడం కష్టం. అమెరికా అయితే చెప్పడానికి ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు ఉన్నారు. కాని హిందూ మహాసముద్రం నడుమ ఒక చిన్న దీవిలో, అందులోనూ ఒక చిన్న ఊళ్ళో కాపురం పెట్టవలసి వస్తే ఎవరిని అడగాలి?

మారిషస్ అటువంటి దీవి. మన హోసూరు, కృష్ణగిరి కుటుంబాలలో ఎవరికైనా ఆ ఆలోచన కలిగితే పనికివస్తుందని, మాకు తెలిసిన నాలుగు సంగతులూ ఇక్కడ పొందుపరుస్తున్నాము. వెళ్ళే ఉద్దేశం లేనివారు కూడా చదవవలసిన కారణం ఒకటున్నది. తెలుగువాళ్ళు ఆ దీవికి వెళ్ళి నూట ఎనభై ఏండ్లు దాటింది. తెలుగు రాజ్యం ఎల్ల దాటి ఉంటూ తెలుగువాళ్ళమని చెప్పుకుంటున్న మనకు వారి కథ అద్దం వంటిది.

నల్లరాతి నేల

మారిషస్ సముద్రగర్భంలోంచి అగ్నిపర్వతాలు కక్కిన రాతితో లేచిన దీవి. దాని వయస్సు సుమారు ఎనభై లక్షల ఏండ్లని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. మడగాస్కరుకు తూర్పున సుమారు 500 మైళ్ళ దూరాన ఉన్నది. అక్కడి అగ్నిపర్వతాలు వేల ఏండ్లుగా నిద్రపోతున్నవి కనుక ఆ విషయమై ఇంట్లోవాళ్ళు బెంగపడనక్కరలేదు. నిప్పు కక్కే కొండ పొరుగున 140 మైళ్ళ అవతల రీయూనియన్ దీవిలో ఉన్నది. అది ఫ్రాన్సు వారిది.

మారిషస్ వైశాల్యం సుమారు 720 చదరపు మైళ్ళు. మన కృష్ణగిరి జిల్లాలో మూడోవంతుకు కొంచెం పైన, అంతే. ఒక కొస నుంచి మరో కొసకు కారులో బయలుదేరితే పూట గడవకముందే చేరవచ్చు. ఇంకొక చిత్రం చూడండి. ఆ దీవిలో అన్నిటికంటె ఎత్తైన శిఖరం 2,717 అడుగులు. మన హోసూరు ఊరే అంతకంటె ఎత్తున ఉన్నది. చంద్రచూడేశ్వరుని కొండ ఎక్కి నిలబడినవాడు మారిషస్‌లో ఏ కొండ మీద నిలబడినవాడికంటెనైనా పైనే ఉన్నాడన్నమాట.

మన రాయి వేరు, వారి రాయి వేరు. కృష్ణగిరి చుట్టుపట్ల గనుల్లోంచి తీసి నునుపు చేసి దేశదేశాలకు పంపేది గ్రానైటు. వారిది లావా గడ్డకట్టిన నల్లరాయి. ఆ రాళ్ళు పొలాలనిండా పరచుకొని ఉండేవి. వాటిని ఏరి పోగుపెడితేగాని చెరకు నాటడానికి చోటు దొరకదు. ఈనాటికీ చెరకుతోటల నడుమ ఇంటెత్తు నల్లరాళ్ళ గుట్టలు కనపడతాయి. అవి ప్రకృతి పెట్టిన గుట్టలు కావు. కూలివాళ్ళు ఒక్కొక్క రాయే చేతులతో ఎత్తి పేర్చినవి. ఆ చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నవి.

మొదట వెళ్ళినవారు

ఆ దీవి ఫ్రెంచివారి చేతినుండి 1810లో ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకుతోటల దొరలకు పనివాళ్ళు కావలసి వచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను తీసుకొచ్చి పోర్ట్ లూయీ రేవులో దింపింది. అది మొదలు 1910 వరకు సుమారు నాలుగున్నర లక్షలమంది మన దేశంనుంచి ఆ రేవులో దిగారు. వారు దిగి ఎక్కివెళ్ళిన రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నవి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. నవంబరు 2 అక్కడ జాతీయ సెలవు దినం.

మనవాళ్ళు ఎక్కువగా గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడకు దగ్గరగా ఉన్న కోరంగి రేవునుంచి, విశాఖపట్టణం, గంజాం వైపులనుంచి వెళ్ళారు. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే గొప్ప రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన దానిని నేలమట్టం చేసింది. దొరలు కూలీలను తీసుకుపోవడంలో చేసిన దురన్యాయాల వల్ల ప్రభుత్వం కొంతకాలం వలసను ఆపి, 1842లో మళ్ళీ అనుమతి ఇచ్చింది. ఊరు పోయినవాడికి, పంట పోయినవాడికి ఓడ ఎక్కడం తప్ప దారి లేని రోజులవి. ఆ రేవు పేరే మనుషుల పేరయింది. మారిషస్‌లో తెలుగువాడిని చాలాకాలం 'కోరంగీ' అనే పిలిచారు. బర్మాలోనూ ఆ పేరే ఉండేది.

ఒప్పందం అయిదేండ్లకు. జీతం నెలకు అయిదు రూపాయలు. దానితోపాటు బియ్యం, పప్పు, ఉప్పు, నూనె, కట్టుబట్టలు. వినడానికి బాగానే ఉన్నది. కాని ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోసేవారు. ఒళ్ళు బాగాలేక పడుకున్నవాడికి నెలాఖరున చేతికి వచ్చేదేమిటో మీరే ఊహించుకోండి. చదువురానివాడు వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో అతనికి చెప్పేవారు లేరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చివర మళ్ళీ దీని అవసరం వస్తుంది.

ఒప్పందం తీరినవారిలో కొందరు తిరిగి వచ్చారు. ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. 1880 ప్రాంతం నుంచి తోటల దొరలు బాగా పండని చివరి ముక్కలను అమ్మడం మొదలుపెట్టగా, కూడబెట్టిన డబ్బుతో అరెకరమో ఎకరమో కొని సొంతంగా చెరకు పెట్టారు. కూలివాడు రైతయ్యాడు. 1901లో గాంధీగారు దక్షిణాఫ్రికా నుంచి ఇండియాకు వస్తూ కొద్దిరోజులు ఆ దీవిలో ఆగారు. పిల్లలకు చదువు చెప్పించండి, దేశ వ్యవహారాల్లో పాల్గొనండి అని భారతీయులకు ఆయన చెప్పిన సలహా ఊరికే పోలేదు. మారిషస్ 1968 మార్చి 12న స్వతంత్రమైంది. 1992లో అదే తేదీన రిపబ్లిక్ అయింది.

నోటిలో ఉన్నది, చేతిలో ఉన్నది

ఇప్పుడు ఆ దీవి జనాభాలో తెలుగువారు నూటికి రెండు మూడు పాళ్ళు. వారు తెలుగువారమని ఎట్లా చెప్పగలుగుతున్నారు? ఇంట్లో తెలుగు మాట్లాడతారా అంటే, చాలా ఇండ్లలో లేదు. ఇంటిభాష క్రియోలు. అది ఫ్రెంచిలోంచి పుట్టి, ఆఫ్రికా మాటలూ మన మాటలూ కలుపుకున్న భాష. నూటికి ఎనభైకి పైన ఇండ్లలో అదే నడుస్తున్నది. వేరువేరు ఊళ్ళనుంచి వచ్చిన కూలీలు ఒకే వరుసలో చెరకు కొట్టేటప్పుడు ఒకే భాష కావలసి వచ్చింది. పిల్లలు ఆ భాషలో ఆడుకున్నారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళయి తమ పిల్లలతో ఆ భాషే మాట్లాడారు. మూడు తరాలు చాలు.

అయినా తెలుగు పోలేదు. ఇంటిలోంచి వెళ్ళిపోయి బడిలోనూ గుడిలోనూ చోటు చేసుకున్నది. ఒకప్పుడు సాయంకాలం బైఠకలలో దీపం ముందు కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. తరువాత ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఒక ఐచ్ఛిక భాషగా వచ్చింది. మోకాలో 1970లో నెలకొల్పిన మహాత్మాగాంధీ సంస్థలో పెద్ద చదువులకూ తెలుగున్నది. మారిషస్ ఆంధ్ర మహాసభ 1940 దశకం నుంచి పనిచేస్తున్నది. రేడియోలో, టెలివిజనులో తెలుగు కార్యక్రమాలున్నవి. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది మారిషస్‌లోనే.

ఇక గుడి. నడుమ దీపస్తంభం నిలిపి చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. సింహాద్రి అప్పన్నకు మొక్కుతారు. అమ్మోరు పండుగ చేస్తారు. విశాఖపట్టణం పక్కనున్న సింహాచలం దేవుడు అంత దూరంలో ఎందుకున్నాడంటే, వెళ్ళినవారు ఎక్కడివారో ఆ మొక్కుబడే చెబుతున్నది. కాగితాలు చెప్పనిది దేవుడు చెబుతున్నాడు. కాగితాలూ లేకపోలేదు. ఆనాటి వలసవారి పేరు, ఊరు, వయస్సు రాసుకున్న రిజిస్టర్లు మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నవి. ముత్తాతది ఏ ఊరో తెలుసుకోవాలని వాటిని వెతికించుకునే మనుమలున్నారు.

ఇప్పుడు మనవంక చూసుకుందాము. టిప్పు సుల్తాను చేతినుండి 1792లో బారామహలు, 1799లో హోసూరు ఇంగ్లీషువారికి వచ్చినవి. రెండూ సేలం జిల్లాలో ఉండేవి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు మనం ఇవతలే ఉండిపోయాము. 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. జిల్లాలు మారినవి గాని మన ఇండ్లలో మాట మారలేదు. అమ్మ పిలిచే పిలుపు తెలుగు, సంతలో బేరం తెలుగు, పొలంలో పాట తెలుగు. కాని పిల్లవాడి చేతికి తెలుగు పుస్తకం ఇస్తే? 2006లో వచ్చిన శాసనం ప్రకారం తమిళనాడులో ప్రతి పిల్లవాడూ తమిళం నేర్చుకోవాలి. నేర్చుకోవలసిందే. ఉన్న ఊరి భాష రానివాడు ఊరికి పరాయివాడే. అయితే తమిళం, ఇంగ్లీషు నేర్చుకున్న తరువాత తెలుగు అక్షరాలకు ఇంట్లో ఎవరూ తీరిక చేసుకోకపోతే, ఆ తప్పు శాసనానిది మాత్రమే కాదు.

తేడా ఇదీ. మనకు తెలుగు నోటిలో ఉన్నది, చేతిలోంచి జారిపోతున్నది. మారిషస్ వారికి చేతిలో ఉన్నది, నోటిలోంచి జారిపోయింది. వారి పిల్లవాడు ఒత్తులు తప్పకుండా రాయగలడు గాని అమ్మమ్మతో పోట్లాడలేడు. మన పిల్లవాడు తెలుగులో ఎంతసేపైనా పోట్లాడగలడు గాని ఆమెకు ఉత్తరం రాయలేడు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే ఒకరి లోటు ఒకరు తీర్చుకోగలరు. మననుంచి ఒక కుటుంబం అక్కడికి వెళ్ళడమంటే ఇదే మాకు ముఖ్యంగా కనపడుతున్న లాభం.

క్యూర్‌పీప్ అనే ఊరు

ఆ దీవిలో చిన్న ఊళ్ళు చాలా ఉన్నవి. ఉదాహరణకు ఒకటి తీసుకుందాము. దీవి నడుమ మెట్టమీద సుమారు 1,800 అడుగుల ఎత్తున క్యూర్‌పీప్ ఉన్నది. పూర్వం రేవునుంచి దక్షిణానికి పోయే బాటసారులు అక్కడ ఆగి పొగాకు పైపులు శుభ్రం చేసుకునేవారని, అందువల్ల ఆ పేరు వచ్చిందని ఒక కథ. 1866-68 నడుమ తీరప్రాంతాల్లో మలేరియా చెలరేగి వేలాదిమందిని పొట్టనపెట్టుకున్నది. అప్పుడు ఉన్నవాళ్ళు చల్లని మెట్టమీదికి తరలిపోయారు. అప్పటికే రైలుదారి వేసి ఉండడం కలిసివచ్చింది. ఆ విధంగా జ్వరానికి భయపడి పెరిగిన ఊరది. ఆ రైళ్ళు 1964 నాటికి పూర్తిగా ఆగిపోయినవి. మళ్ళీ 2022లో మెట్రో రైలు పోర్ట్ లూయీ నుంచి క్యూర్‌పీప్ వరకు వచ్చింది.

ఊరి పక్కనే ట్రూ ఒ సెర్ఫ్ అనే అగ్నిపర్వతపు నోరున్నది. పేరుకు అర్థం జింకల గొయ్యి. సుమారు 260 అడుగుల లోతు గల పెద్ద గిన్నెలాగా ఉంటుంది. లోపలంతా చెట్లు. పొద్దున్నే జనం దాని గట్టుమీద షికారు తిరుగుతారు. అగ్నిపర్వతం అంటే మనం ఊహించుకునే భయం అక్కడ ఎవరికీ లేదు.

భయపడవలసినది వాన. మన జిల్లాలో ఏడాదికి ముప్పై, ముప్పై అయిదు అంగుళాలు పడితే మంచి సంవత్సరం. క్యూర్‌పీప్‌లో నూరు అంగుళాలు దాటుతుంది. గోడలకు చెమ్మ, పెట్టెలో పట్టుచీరలకు బూజు, పప్పుడబ్బాకు పురుగు. అదే పడమటి తీరానికి దిగితే ఎండ, తక్కువ వాన. గంట ప్రయాణంలో రెండు వాతావరణాలు. కనుక ఇల్లు కుదుర్చుకునేటప్పుడు అద్దె ఒక్కటే చూడకుండా ఆ వైపు వాన ఎంత అని అడగడం మంచిది. ఉబ్బసం, కీళ్ళనొప్పులు ఉన్న పెద్దవాళ్ళను తీసుకుపోయేవారు ఈ మాట మరీ జ్ఞాపకం పెట్టుకోవాలి.

రుతువులు తలకిందులు. నవంబరు నుంచి ఏప్రిలు వరకు ఎండాకాలం, వానాకాలం, తుపానుల కాలం అన్నీ ఒక్కటే. మే నుంచి అక్టోబరు వరకు చలి. మెట్టమీద ఊలు స్వెట్టరు తప్పదు. 1960లో జనవరిలో ఎలిక్స్, ఫిబ్రవరి చివర కెరోల్ అనే రెండు తుపానులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. కెరోల్ గాలి గంటకు 256 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నది. రేకుల ఇండ్లు, గడ్డి ఇండ్లు వేలకువేలు ఎగిరిపోయినవి. అప్పటినుంచే అక్కడివారు కాంక్రీటు ఇండ్లకు మళ్ళారు. ఇప్పుడు తుపాను వస్తుంటే రేడియోలో ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులుగా హెచ్చరిక ఇస్తారు. మూడో తరగతి అన్నారంటే తలుపులు బిగించుకొని ఇంట్లో ఉండవలసినదే. నీళ్ళు పట్టిపెట్టుకోవడం, కొవ్వొత్తులు, బ్యాటరీలైటు, నాలుగురోజుల తిండి సామాను సిద్ధం చేసుకోవడం అక్కడి ఇల్లాలికి మనకు ఆవకాయ పెట్టుకోవడమంత మామూలు పని. 2024 జనవరిలో బెలాల్ తుపానుకు పోర్ట్ లూయీ వీధుల్లో కార్లు నీళ్ళలో తేలినవి. కనుక వాగు ఒడ్డున, పల్లంలో ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దు.

సూర్యుడు, నక్షత్రాలు, పంచాంగం

ఇంట్లో పెద్దవాళ్ళను తికమక పెట్టే సంగతులు కొన్ని ఉన్నవి. ముందుగా చెప్పి ఉంచితే మేలు.

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన 20 డిగ్రీల దూరంలో ఉన్నది. కనుక ఏడాదిలో ఎక్కువకాలం మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపున ఉంటాడు. ఎండ ఉత్తరపు గోడకు తగులుతుంది, చెమ్మ దక్షిణపు గదిలో నిలుస్తుంది. బట్టలు ఆరవేసుకోవాలన్నా, ఒడియాలు పెట్టుకోవాలన్నా ఉత్తరపు పెరడు కావాలి. వాస్తు చూసి ఇల్లు వెతికే తాతగారు అక్కడ వాస్తుతోపాటు ఎండ కూడా చూడాలి.

పెండ్లిలో అరుంధతిని, ధ్రువుణ్ణి చూపిస్తారు కదా. అక్కడ ధ్రువ నక్షత్రం ఎన్నటికీ కనపడదు. అది దిగంతానికి కిందనే ఉండిపోతుంది. అరుంధతి మాత్రం కొన్ని నెలలు ఉత్తరపు అంచున తక్కువ ఎత్తులో కనపడుతుంది. పురోహితుడు చేయి చూపినవైపు దణ్ణం పెట్టుకోవడం ఇక్కడా అక్కడా ఒకటే గనుక పెండ్లికి లోటు రాదు.

వారి గడియారం మనకంటె గంటన్నర వెనుక. మన పంచాంగంలో తిథి ముగిసే వేళలోంచి గంటన్నర తీసివేసి చూసుకోవాలి. సూర్యోదయమూ వేరు కనుక అప్పుడప్పుడు పండుగ ఒకరోజు అటూ ఇటూ అవుతుంది. ఉగాది అక్కడ వసంతంలో రాదు, ఎండాకాలం తగ్గి చలికి దారితీసే రోజుల్లో వస్తుంది. మామిడి కాపు నవంబరు నుంచి సంక్రాంతి చుట్టుపట్ల వరకు. తోతాపురి బండ్లు బారులు తీరే కృష్ణగిరి నుంచి వెళ్ళిన ఇల్లాలికి ఉగాది పచ్చడిలోకి మామిడికాయ దొరకడం కష్టమని చెబితే నవ్వు రావచ్చు. కాని అక్కడ కన్నతల్లి లేని లోటు ముందుగా తెలిసేది అటువంటి చిన్న చోట్లనే.

వంటిల్లు

తిండికి మాత్రం ఏమీ భయం లేదు. జనాభాలో మూడింట రెండు వంతులు భారతీయ సంతతివారు. బియ్యం, పప్పులు, చింతపండు, కొబ్బరి, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. పేర్లే మారినవి. మునగాకును 'బ్రెడ్ మురూం' అంటారు. బెండకాయ 'లాలో'. బీరకాయ 'పిపంగాయ్'. చట్నీ 'సాతినీ'. వీధిలో అమ్మే 'గాటో పిమాఁ' కొరికి చూస్తే మన పప్పు వడకు తోబుట్టువే. పప్పు కూరిన 'ధాల్ పూరీ' పేదా గొప్పా అందరూ కాగితంలో చుట్టించుకొని నిలబడి తినే పలారం. కోమట్లకొట్టు చీనావారిదై ఉండవచ్చు. పక్కింటివారు తురకలో, క్రైస్తవులో, తమిళులో కావచ్చు. ఏ ఇంట పండుగైనా పళ్ళెం పక్కింటికి పోవడం అక్కడి ఆచారం.

ఒక హెచ్చరిక. కరివేపాకు మొక్కో, ఇంటి విత్తనాలో మూటలో పెట్టుకొని బయలుదేరకండి. దీవిలోకి కొత్త తెగుళ్ళు రాకుండా మొక్కలను, విత్తనాలను అనుమతి లేకుండా రానివ్వరు. మందులు తీసుకుపోయేవారు డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. రాగి సంగటి లేనిదే పొద్దుపోని మనవాళ్ళు పిండి తీసుకుపోదలిస్తే ముందుగా కనుక్కొని తీసుకుపోవడం మంచిది.

కాగితం, సంతకం

ఇక ముఖ్యమైన సంగతికి వస్తున్నాము. మన పాస్‌పోర్టుతో చూడడానికి వెళ్ళడం సులువు. కాని చూడడానికి వెళ్ళినవాడు అక్కడ ఉద్యోగం చేయరాదు. పనికి వేరే అనుమతి పత్రం ఉండాలి. మామూలుగా ఆ పత్రం ఒక యజమాని పేరుమీద ఉంటుంది. యజమానితో చెడితే పత్రమూ పోతుంది. 1970 తరువాత ఎగుమతి కోసం పెట్టిన బట్టల మిల్లులకు మన దేశంనుంచి, బంగ్లాదేశ్ నుంచి, మడగాస్కరు నుంచి ఒప్పందంమీద పనివాళ్ళు వెళుతూనే ఉన్నారు. పెద్ద చదువులవారికి వేరే రకం అనుమతులున్నవి. వాటికి జీతపు హద్దు ఉంటుంది. అది తరచు మారుతూ ఉంటుంది గనుక ఎవరో చెప్పిన నిరుటి మాట నమ్మకుండా ఆ ప్రభుత్వం వారి తాజా నిబంధనలు చూసుకోవాలి.

నూట ఎనభై ఏండ్ల క్రితం వేలిముద్ర వేసినవాడికి కాగితంలో ఏముందో తెలియదు. ఇప్పుడు మన పిల్లలకు చదువున్నది. తెలిసీ చదవకుండా సంతకం పెడితే ఆ చదువెందుకు? ఏజెంటు మన ప్రభుత్వం దగ్గర నమోదైనవాడేనా అని చూడండి. ఒప్పందం ప్రతి ఒకటి ఇంట్లో ఉంచి వెళ్ళమనండి. జీతం ఏ నాణెంలో, పని ఎన్ని గంటలు, ఇల్లు ఎవరిస్తారు, తిరుగు టిక్కెట్టు ఎవరిది, జబ్బుచేస్తే ఖర్చు ఎవరిది అనే అయిదింటికీ జవాబు అందులో రాతపూర్వకంగా ఉండాలి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి రావద్దని చెప్పండి. ఇల్లు తాకట్టు పెట్టి ఏజెంటుకు సొమ్ము కట్టే ముందు, ఆ జీతంతో అప్పు తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో పలక మీద లెక్క వేయండి. ఆ లెక్కలో తిండి, అద్దె కూడా తీసివేసి చూడండి. రెండేండ్లు దాటేటట్లయితే వద్దని చెప్పడానికి మొగమాటపడకండి.

పిల్లలున్నవారు బడి సంగతి ముందు చూసుకోవాలి. బడిలో పుస్తకాలు ఇంగ్లీషు, పత్రికలు ఫ్రెంచి, ఆటస్థలంలో క్రియోలు. మన పిల్లలకు తెలుగు, తమిళం, కొందరికి కన్నడం కూడా ముందే వచ్చు. నాలుగు భాషల నడుమ పెరిగినవాళ్ళకు అయిదోది బరువు కాదు. బడిలో ఐచ్ఛిక భాష ఏది అని అడిగినప్పుడు మాత్రం తెలుగు అని చెప్పడం మరిచిపోవద్దు. ఇక్కడ హోసూరులో దొరకడం కష్టమైన తెలుగు పంతులు, అన్ని సముద్రాల అవతల ప్రభుత్వ జీతంమీద దొరుకుతాడు.

వెళ్ళేవారికి, ఉండేవారికి

వెళ్ళే కుటుంబానికి మేము చెప్పేది కొంచెమే. మొదటి ఏడు కష్టం. వానకు ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఇల్లు గుర్తుకు వస్తుంది. ఆ ఊరి ఆంధ్రసభ వారి గుడికి ఒక శనివారం వెళ్ళండి. వారు క్రియోలులో పలకరిస్తే చిన్నబుచ్చుకోకండి. 'వీళ్ళకు తెలుగు రాదే' అని ముక్కు విరవకండి. ఆరు తరాలుగా, అమ్మమ్మ మాట వినపడని చోట, అర్థం పూర్తిగా తెలియకపోయినా రామభజన పాటలు అక్షరం పోకుండా కాపాడుకున్నవారు వారు. మీరు నోరారా తెలుగు మాట్లాడండి, వారి పిల్లల చేత మాట్లాడించండి. మీ పిల్లలను వారి బడిలో కూర్చోబెట్టి రాయించండి.

ఇక్కడ ఉండేవారికి చెప్పేదీ అదే. ఇంటిభాష మూడు తరాల్లో ఎట్లా పోతుందో ఆ దీవి చూపించింది. పోయిన తరువాత కూడా పట్టుదల ఉంటే ఎంత నిలబెట్టుకోవచ్చునో అదీ చూపించింది. మనకు ఇంకా ఏదీ పోలేదు. సాయంకాలం అరగంట పలకా బలపం ముందు పెట్టుకుంటే చాలు. బియ్యపు డబ్బామీద, పప్పు డబ్బామీద పిల్లల చేత తెలుగులో పేర్లు రాయించండి. ఊరునుంచి వచ్చే పెండ్లి శుభలేఖలు వారి చేతనే చదివించండి. మారిషస్‌లో ఉన్న మనవాళ్ళకు ఒక ఉత్తరం తెలుగులో రాయించి పంపించండి. అక్కడ దానిని చదవగలిగే పిల్లలున్నారు. జవాబు తెలుగు లిపిలోనే వస్తుంది.